నెట్ సెంటర్‌లో తేలిన నిర్మల్ సంబంధం

మా వాడకట్టులో ఒక ముసలాయన ఉండేవాడు. ఏది కావాలన్నా వాకిట్లో నిలబడి "ఎవలన్న ఉన్నరా?" అని కేక వేసేవాడు. ఆ కేకకు నాలుగిళ్ల వాళ్లు బయటికి వచ్చేవారు, వాళ్లతోపాటు కుక్కలూ వచ్చేవి. ఆయనకు కావలసిన మనిషి తప్ప అందరూ వచ్చేవారు. మీరు ఫోనులో వెతికే తీరు చూస్తుంటే నాకు ఆయనే గుర్తుకొస్తాడు. ఒక్క మాట కొడతారు. లక్షలకు లక్షలు వచ్చి పడతాయి. అందులో ముందుగా వచ్చినదాన్ని నమ్మి చక్కా పోతారు. ముందుగా ఉరికొచ్చింది మనిషా, కుక్కా అని చూసుకోరు.

నేను ఏడో తరగతితో బడి మానినదాన్ని. పెళ్లయ్యాక చాలా ఏళ్లు బీడీలు చుట్టాను. మెడలు పట్టేసి తల పక్కకు తిప్పలేకపోయిన నాడు ఆ పని మాని, చొప్పదండి బస్టాండు ఎదురుగా ఉన్న నెట్ సెంటర్‌లో కుదిరాను. ఊడ్వడం, నీళ్లు పట్టడం, జిరాక్సులు తీయడం నా పని. ఓనరు మా ఊరి పిల్లవాడే. హైదరాబాద్‌లో కంప్యూటర్లు చదివి తిరిగొచ్చాడు. ఎందుకొచ్చావు తమ్మీ అంటే, "ఆడ నా అసొంటోళ్లు గల్లీకొకడున్నడక్కా, ఈడ నేనొక్కన్నే" అన్నాడు. తెలివైనవాడు. ఎంత తెలివైనవాడంటే, మధ్యాహ్నం తిన్నాక నిశ్చింతగా కునుకు తీయడానికి నాకు కంప్యూటర్ నేర్పించాడు.

"అక్కా, గీ కుర్చీల కూసో. ఎవలన్న వస్తే హాల్ టికెట్ తీసియ్యి, రిజల్టు తీసియ్యి. మరీ అర్థం కాకపోతేనే నన్ను లేపు."

నాకు మరీ అర్థం కానివే ఎక్కువ. పాపం, మొదటి ఏడాది ఆయన నిద్ర నిద్ర కాలేదు. ఈ బాధ పడలేక వెతికే కిటుకులన్నీ కూర్చోబెట్టి చెప్పాడు. ఆయన చెప్పింది సగం ఇంగ్లీషులో. నాకు అర్థమైంది మాత్రం మా అత్త భాషలో.

మా అత్త సంగతి చెప్పాలి. మాది నేతపని చేసే కులం. ఎవరింటికి సంబంధం వచ్చినా, ముందు మా అత్తను ఆ ఊరికి ఆరా తీయడానికి పంపేవాళ్లు. ఆమె పిల్లవాడి ఇంటికి పోయేది కాదు. ఆ ఇంటికి మూడిళ్ల అవతల అరుగు మీద కూర్చుని మంచినీళ్లు అడిగేది. "పిల్లగాడు మంచోడేనా?" అని ఎన్నడూ అడగలేదట. అట్లా అడిగితే ఊరంతా మంచోడే అంటుంది, వాళ్లకేం పోయింది? "మొన్న గా పిల్లగాడు ఎవనితోనో కొట్లాడిండట గద, తగ్గిందా?" అని అడిగేది. కొట్లాడి ఉంటే మొత్తం కథ బయటికొచ్చేది. కొట్లాడకపోతే, "వాడా? వానికి కొట్లాటేడిది, నోట్ల నాలుకే లేదు" అనేవాళ్లు. ఎటు తిరిగినా సంగతి తెలిసేది.

నెట్టు కూడా అంతే. ప్రశ్న అడగొద్దు. జవాబు చెప్పేవాడి నోట్లోంచి ఏ మాటలు వస్తాయో ఆ మాటలే కొట్టాలి. పేరుకు అటూ ఇటూ కొటేషన్ గుర్తులు పెడితే, "గిదే పేరున్నోన్ని పిలువు, సగం పేరున్నోన్ని తేకు" అన్నట్టు. ఒక మాట ముందు మైనస్ గీత పెడితే, "ఫలానావాడు ఇంట్ల లేనప్పుడు మాట్లాడుదాం" అన్నట్టు. గీతకూ మాటకూ మధ్య సందు ఇవ్వొద్దు, సందిస్తే వాడు దూరి కూర్చుంటాడు. సైటు అని కొట్టి, రెండు చుక్కలు పెట్టి, ఒక పేపరు చిరునామా రాస్తే, ఆ ఒక్క ఇంటి అరుగు మీదే కూర్చుని అడిగినట్టు. టూల్సులోకి పోయి తేదీలు పెడితే, "పాత పురాణం వద్దు, గా ఎండకాలం ముచ్చటొక్కటే చెప్పు" అన్నట్టు. నేను ఇట్లా వివరిస్తే మా ఓనరు తల పట్టుకుని, "నేను నాలుగేండ్లు చదివింది మీ అత్త అరుగు మీదనే అయిపోతుండెనా అక్కా?" అనేవాడు.

ఈ సంగతి ఊళ్లో పాకింది. సంబంధాలు చూసేవాళ్లు ఒక్కొక్కరే కొంగు కప్పుకుని, తువ్వాల కప్పుకుని మా సెంటర్‌కు రావడం మొదలుపెట్టారు. ఒకామె కాబోయే అల్లుడు వినాయకుడి ఊరేగింపులో ఎగురుతున్న వీడియో చూసి, "తాగి ఎగిరితే ఫికర్ లేదు, వీడు తాగకుండనే గిట్ల ఎగురుతుండు" అని సంబంధం వద్దనుకుంది. ఇంకొకాయన అల్లుడి పేరుతో ఏమీ రాలేదని పరేషాన్ అయ్యాడు. "నెట్టుల లేడంటే మనిషి ఉన్నట్టా, లేనట్టా?" అని నన్నే అడిగాడు. మొన్న వాళ్లింటికొచ్చి లడ్డూలు తిన్నవాడు మరి ఎవరని నేనడిగాను.

ఇక అసలు కథకు వస్తాను. పేర్లు మాత్రం చెప్పను. చెబితే మీరు కూడా వెతుకుతారు.

మా ఊళ్లో సాంచాలు నడిపే ఒకాయన ఉండేవాడు. సాంచాలంటే కరెంటు మగ్గాలు. నేను ఆయన్ను అన్నా అంటాను, ఆయన నన్ను చెల్లె అంటాడు. చిన్ననాటి నుంచి ఆ మగ్గాల మోతలో బతికి చెవులు మందగించాయి, గొంతు పెరిగింది. ఆయన రహస్యం చెబితే బస్టాండులో కూర్చున్నవాళ్లు తలలూపేవాళ్లు. ఆయన బిడ్డకు నిర్మల్ సంబంధం కుదిరింది. నిర్మల్ అప్పటికి ఇంకా ఆదిలాబాద్ జిల్లాలోనే ఉంది. పిల్లవాడికి మోటర్లు వైండింగ్ చేసే దుకాణం. చూపులకు వచ్చిన నాడు వీళ్లింట్లో కూలర్ ఆగిపోయిందట. పెద్దమనుషులు కట్నకానుకల కాడికి రాకముందే ఆ పిల్లవాడు చొక్కా చేతులు మడిచి, కూలర్ వెనక డొక్క విప్పి బాగుచేసి కూర్చున్నాడు. చేతులకు మసి. ఆ మసి చేతులతోనే చాయ్ కప్పు అందుకున్నాడు. వాళ్ల నాన్నకు తల కొట్టేసినట్టయింది. ఈ పిల్లకు మాత్రం మనసు అక్కడే పడిపోయింది.

పూలు పండ్లు పెట్టుకుని సంబంధం ఖాయం చేసుకోవడం రేపనగా, సాంచాల అన్న పొద్దున్నే సెంటర్‌కు వచ్చాడు.

"చెల్లె, మీ వదిన ఒక్కపారి నెట్టుల గూడ చూసి రమ్మన్నది" అని గుసగుసలాడాడు. ఎదురు హోటల్‌లో పూరీలు వత్తుతున్నవాడు చేయి ఆపి చూశాడు.

ఆ వేళ కుర్చీలో ఓనరే ఉన్నాడు. నేను జిరాక్స్ దగ్గరున్నాను. ఓనరు దర్జాగా ఇంటిపేరు, పేరు కొట్టి, కొటేషన్ గుర్తులు పెట్టి, పక్కన నిర్మల్ అని రాశాడు. రాగానే వార్తలు చదివే గొంతుతో పైకి చదివాడు.

"గల్ఫ్ వీసాల పేరిట మోసం. నిర్మల్ యువకుడి అరెస్టు..."

చదివాక గానీ ఏం చదివాడో ఆయనకు తెలియలేదు. ఇంటిపేరు అదే. పేరు అదే. ఊరు అదే. సెంటర్‌లో స్కాలర్‌షిప్ ఫారాలు నింపుతున్న పిల్లలు సహా అందరూ ఇటు తిరిగారు. నా జిరాక్స్ మిషను కూడా ఆ క్షణానే కాగితం పట్టేసుకుని ఆగింది.

సాంచాల అన్న అక్కడే నిలబడి పిల్లవాడి నాన్నకు ఫోన్ కలిపాడు. చెవులు వినిపించవు కాబట్టి ఆయన ఫోన్ ఎప్పుడూ స్పీకర్ మీదే ఉంటుంది.

"బావా, మీ పోరడు జైలుకు పోయిండట గద!"

"ఎవడన్నడు?" అవతలి గొంతు ఉలిక్కిపడింది.

"నెట్టు అన్నది."

"గా నెట్టు ఎవనిదో వాన్ని పిలువు బావా, మాట్లాడుదం. మా పోరడు పొద్దుగాల దుకాణం తెరిచిండు, మోటర్ కాడ కూసున్నడు."

"పేపర్ల గూడ వచ్చింది. మరి మీ ఇంట్ల గా పేరుతోటి ఇంకెవలన్న ఉన్నరా?"

అవతల ఎవరో దగ్గిన చప్పుడు మాత్రం వినిపించింది. తరువాత, "లేరు. ఎవలు లేరు. మా ఇంట్ల గా పేరు వాడొక్కనిదే" అని ఫోన్ పెట్టేశాడు.

"అయిపాయె" అన్నాడు సాంచాల అన్న. "మా తమ్ములను పిలుస్త. పగటాల్ల వరకు పెద్దమనిషికి చెప్పి తెగ్గొడుతం. మేకను తోలుకొచ్చి కట్టేసినం, దాన్ని ఏం చెయ్యాలె ఇగ?"

ఆయన ఎదురు హోటల్‌లో కూర్చుని తమ్ముళ్లకు ఫోన్లు చేయడం మొదలుపెట్టాడు. ఆ ఫోన్లు అన్నీ మాకూ వినిపించాయి.

ఊళ్లోకి కూడా వినిపించినట్టుంది, కాసేపటికే పెళ్లిపిల్ల వచ్చింది. జాకెట్లు కుట్టే పిల్ల. మెడలో టేపు అట్లానే వేలాడుతోంది.

"అత్తమ్మా, మల్ల ఒక్కపారి చూడు. కూలర్ మంచిగ చేసిన మనిషి గసొంటి పని చేస్తడా?"

"బిడ్డా, కూలర్‌కు వీసాలకు ఏం సంబంధం? రెండు పనులు వచ్చినోడు గూడ ఉంటడు."

అనకూడని మాటే. కానీ ఆరా తీసేటప్పుడు మనసు ఒక పక్కకు ఒరిగితే, దొరికేవన్నీ ఆ పక్కవే దొరుకుతాయి. ఇది మా అత్త చెప్పింది. మా ఓనరు కూడా చెప్పాడు, ఇంగ్లీషులో.

ఓనరు కుర్చీ ఖాళీ చేసి, "నువ్వు కూసో అక్కా, నా నోరు మంచిది కాదు" అని పక్కన స్టూలు వేసుకున్నాడు. ఆ పిల్ల నా భుజం మీద చెయ్యి వేసి నిలబడింది.

ముందు అదే పేరు కొట్టి, వీసా, గల్ఫ్, అరెస్టు అనే మాటల ముందు మైనస్ గీతలు పెట్టాను. ఆ గోలంతా పక్కకు తప్పుకుంది. మిగిలినవి కొన్నే. ఒకటి ఎవరిదో శ్రద్ధాంజలి. ఒకటి ఆదిలాబాద్‌లో జరిగిన కబడ్డీ పోటీల ఫోటో. కప్పు పట్టుకుని ఏడుగురు నిలబడ్డారు, కింద వరుసగా పేర్లు.

"గీయననే!" అని ఆ పిల్ల తెరమీద వేలు పెట్టింది. వేలి మచ్చ పడింది. ఎవరు వేలు పెట్టినా కసురుకునే మా ఓనరు ఆ వేళ ఏమీ అనలేదు.

ఇప్పుడు రెండు వార్తల తేదీలు చూశాము. నిర్మల్ యువకుణ్ని పట్టుకుని రిమాండుకు పంపిన మూడో నాడే ఆదిలాబాద్‌లో కప్పు గెలిచారు. జైల్లో ఉన్న మనిషి కబడ్డీ ఎట్లా ఆడతాడు?

"బెయిల్ మీద వచ్చి ఆడిండేమో" అన్నాడు ఓనరు.

"నువ్వు ఎవరి దిక్కు తమ్మీ?"

"నేను ఎవరి దిక్కు కాదక్కా, అందుకే అడుగుతున్న."

అన్న మాట న్యాయమే. అందుకని అరెస్టు వార్త వేసిన పేపరు సైటులోనే కూర్చున్నాను. ఈసారి పేరు కొట్టలేదు. పేరు కొడితే పేరున్న వార్తలే వస్తాయి. వీసా, బాధితులు, నిర్మల్, పోలీసులు, ఈ మాటలు కొట్టి, ఆ వారం తేదీలు పెట్టాను. అరెస్టు నాటి పెద్ద వార్త దొరికింది. అందులో ఫోటో కూడా ఉంది కానీ మన పేపర్ల ఫోటోల సంగతి మీకు తెలుసు కదా, పట్టుకున్న పోలీసులు పెళ్లికొడుకుల్లా నిలబడతారు, పట్టుబడ్డవాడి మొఖానికి తువ్వాల. మొఖం లేదు. కానీ కింద తండ్రి పేరు రాశారు. ఆ తండ్రి పేరు, ఇందాక ఫోన్‌లో మాట్లాడిన బావ పేరు కాదు.

అప్పుడు నాకు బుర్రలో దీపం వెలిగింది. మా కులంలో తాత పేరు మనవడికి పెట్టాలి. అయితే తాతకు నలుగురు కొడుకులుంటే? పెద్దకొడుకు తన కొడుక్కి పెట్టుకుంటాడు. రెండోవాడు, "బాపు నీకొక్కనికే బాపా?" అని తనూ పెడతాడు. మూడోవాడు ఊరుకుంటాడా? మా అత్తగారింట్లోనే ఒకే ఇంటిపేరు, ఒకే పేరు వాళ్లు ముగ్గురున్నారు. బడిలో వాళ్లకు ఒకటి, రెండు, మూడు అని నంబర్లు వేశారు. ఇంట్లో ఎవరూ పేరుతో పిలవరు. గట్టిగా ఆ పేరు పిలిస్తే ఎవరూ పలకరు, ఒకరు పలుకుతారులే అని ముగ్గురూ ఊరుకుంటారు. కంప్యూటర్ తయారుచేసినవాడికి ఈ సంగతి ఎవరు చెప్పాలి?

ఓనరు ఉరికిపోయి సాంచాల అన్నను పిలుచుకొచ్చాడు. నేను రెండు వార్తలూ పక్కపక్కన పెట్టి చూపించాను.

"అంటే ఇద్దరున్నరన్నట్టు" అన్నాడాయన.

"ఔనన్నా. జైలుకు పోయినోడు వాళ్ల పెద్దనాయిన కొడుకో, చిన్నాయిన కొడుకో అయి ఉంటడు. నీ అల్లుడు కాదు."

ఆ పిల్ల ఊపిరి వదలడం నా మెడకు తగిలింది. కానీ సాంచాల అన్న మొఖం ఇంకా నల్లబడింది.

"మరి లేరని ఎందుకన్నడు?"

నేను తండ్రి పేరు మీద వేలు పెట్టి మళ్లీ చూపించబోతే, ఆయన తెర దిక్కు చూడనే లేదు.

"దొంగ ఇంట్ల ఉంటే ఉండె చెల్లె. ఇంటికొకడుంటడు. మా ఇంట్ల మా నడిపి తమ్ముడు లేడా? కని అడిగిన మాటకు నా మొఖాన అబద్ధం చెప్పిండు. దొంగను కన్న ఇంట్లకు బిడ్డనిస్త. అబద్ధమాడెటోని ఇంట్లకు ఎట్లిస్త?"

చూశారా? పిల్లవాడు కడిగిన ముత్యమని తేల్చింది నేనే, వాళ్ల నాన్న అబద్ధాలకోరని తేల్చిందీ నేనే. అప్పటిదాకా అనుమానం. ఇప్పుడు రుజువు. ఓనరు నా దిక్కు, నేను ఓనరు దిక్కు చూసుకున్నాం. ఎందుకు అబద్ధమాడాడో వెతకడానికి ఏ గుర్తు పెట్టాలో మా ఇద్దరికీ తెలియదు.

ఆ పిల్ల వాళ్ల నాన్న చేతిలోంచి ఫోన్ లాక్కుంది. పిల్లవాడి నంబరు కలిపింది. అప్పటిదాకా వాళ్లిద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు. మాకు దినాం వినిపించే స్పీకర్‌లోంచి ఏదో మోటర్ తిరుగుతున్న చప్పుడు వచ్చింది.

"నమస్తే మామా" అన్నాడు పిల్లవాడు.

"మామ కాదు. నేను."

మోటర్ చప్పుడు ఆగిపోయింది.

"మీ ఇంట్ల నీ పేరుతోటి ఎంతమంది ఉన్నరు?"

"బాపు చెప్పిండు గద..."

"మీ బాపు చెప్పింది అడుగుతలేను. నిన్ను అడుగుతున్న. నువ్వు చెప్పేదాన్ని బట్టే రేపు మేము వచ్చుడా, రాకపోవుడా."

ఆ మాటకు సెంటర్‌లో ఫారాలు నింపే పిల్లలు కలాలు పైకెత్తారు.

"నలుగురం" అన్నాడు. "పెద్దోడు, నల్లోడు, నేను, దుబాయోడు. దుబాయోడు మా పెద్దనాయిన కొడుకు. నాలుగు నెలలు ఆడ ఉండి వచ్చి, ఈడ అందరికి వీసాలిప్పిస్త అన్నడు. జైల్ల ఉన్నడు."

"మరి మీ బాపు లేరని ఎందుకన్నడు?"

"మా నాయినమ్మ పక్కకే కూసున్నదట. వాడు మల్ల దుబాయ్ పోయిండని చెప్పి పెట్టినం ఆమెకు. ముసల్ది, తెలిస్తే పాణం పోతదని. మీ బాపు ఫోన్ల మాట్లాడితే స్పీకర్ పెట్టకున్నా మా వాకిట్ల కోళ్లకు గూడ ఇనబడ్తది. మా బాపు ఏం చేస్తడు? ఫోన్ పెట్టేసి దుకాణంకొచ్చి ఏడ్చిండు. మామకు ఎట్ల చెప్పాల్నో తెల్వక ఈడనే కూసున్నడు."

ఆ పిల్ల ఫోన్ దించి వాళ్ల నాన్న మొఖంలోకి చూసింది. ఆయన హోటల్ దిక్కు, మా దిక్కు మార్చి మార్చి చూశాడు. ఆఖరికి, "నేను గంత గట్టిగ మాట్లాడుతనా?" అన్నాడు.

"ఔ!" అని సెంటర్ మొత్తం ఒక్కసారే అన్నది. ఎదురు హోటల్ నుంచి కూడా ఒక ఔ వినిపించింది.

ఆయన ఫోన్ తీసుకుని, నోటికి దూరంగా పట్టుకుని, తనకు చేతనైనంత మెల్లగా అన్నాడు. "అల్లుడా, మీ బాపును ఏడ్వొద్దని చెప్పు. రేపు వస్తున్నం. మేకను గూడ తెస్తున్నం."

అది కూడా బస్టాండు దాకా వినిపించిందనుకోండి.

ఆ పిల్ల ఫోన్ తిరిగి తీసుకుని, "నిన్ను ఇంట్ల ఏమంటరు?" అని అడిగింది.

"మోటరోడు" అన్నాడు. ఆమె నవ్వు దాచుకోవడానికి మెడలో టేపు నోటికి అడ్డం పెట్టుకుంది.

మరునాడు నన్ను కూడా జీపులో ఎక్కించుకుపోయారు. ఓనరు సెంటర్ మూసి మరీ వచ్చాడు. నెట్టు గౌరవం నిలబెట్టడానికి అన్నాడు. మేక కోసమని నాకు తెలుసు. దారి పొడుగునా సాంచాల అన్నకు అందరం ఒకటే పాఠం. "దుబాయోని ముచ్చట తియ్యొద్దు. అసలు నోరే తెరవొద్దు." ఆయన ఎంత బుద్ధిగా విన్నాడంటే, నిర్మల్‌లో దిగిన దగ్గర్నుంచి తువ్వాల నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. పూలు పెట్టారు, పండ్లు పెట్టారు, బట్టలు పెట్టారు, ఆయన తలూపడం తప్ప పలకలేదు. చూపుల నాడు రాని పిల్లవాడి మేనత్త నా పక్కకొచ్చి, "అన్నకు మాటలు రావా వదినా? మాకు ముందుగాల చెప్పలేదేంది?" అని అడిగింది.

వంటలయ్యేలోపు, లోపలి గదిలో మంచం మీద కూర్చున్న నాయినమ్మ నన్ను పిలిపించింది. పిట్టంత మనిషి, కళ్లు మాత్రం చురుకు. పక్కనున్న కోడళ్లను, "నీళ్లు తేపోండ్రి, గంధం తేపోండ్రి" అని ఒక్కొక్కర్నే బయటికి పంపి, తలుపు ఓరగా వేయమంది.

"నెట్టుల మనుషుల్ని ఎతికేదానివి నువ్వేనా బిడ్డా?"

"ఏదో జర తెలుసు పెద్దవ్వా."

"మా దుబాయోన్ని ఎతుకు."

"దుబాయ్ దూరం గద పెద్దవ్వా, ఈడ సిగ్నల్ మంచిగ లేదు" అన్నాను.

"దుబాయ్ దాక ఎందుకు పోతవు? వాడు జైల్ల ఉన్నడు గద."

నేను తలుపు దిక్కు చూశాను.

"వాళ్లు చెప్పలే. నాకే తెలిసింది. దుబాయ్‌ల ఉన్ననాడు వాడు వారంకొకసారి ఫోన్ చేసి ఏదో ఒకటి అడిగెటోడు. ఇప్పుడు ఏదీ అడుగుతలేడంటే అడగనిచ్చే జాగల లేడన్నట్టే గద. నాకు తెలిస్తే పాణం పోతదని వీళ్లు పరేషాన్ అవుతున్నరు. అట్లనే ఉండనియ్యి. ముసల్దాన్ని కాపాడుతున్నం అనుకునుడుల వాళ్లకొక తృప్తి."

"మరి నేనేం ఎతకాలె పెద్దవ్వా?"

"ఆడ అన్నం మంచిగ పెడ్తరా? గదొక్కటి చూడు."

ఫోటోలు తీస్తానని చెప్పి ఓనరు దగ్గర ఫోన్ అడిగి తెచ్చాను. జైల్లో అన్నం అని కొట్టాను. సినిమాల్లో కామెడీ ముక్కలు వచ్చాయి. జైల్లో అన్నం తిన్నట్టు కల వస్తే ఏం ఫలితం అని ఒకటి వచ్చింది. నాలుక కరుచుకున్నాను. అన్నం అని ఆకలైనవాడు అంటాడు. ఈ సంగతి రాసి పెట్టేవాడు ఆకలైనవాడు కాదు, ఆఫీసులో కూర్చున్నవాడు. వాడు ఏమని రాస్తాడు? వాడి మాటలు కొట్టాలి. ఖైదీలు, ఆహారం, పట్టిక అని కొట్టాను. దొరికింది.

చదివి వినిపించాను. పొద్దున ఒక రోజు ఉప్మా, ఒక రోజు కిచిడీ. పగలు అన్నం, పప్పు, కూరగాయ, చారు, మజ్జిగ. ఆదివారం మాంసం. ఎవరికెంతో అన్నీ గ్రాముల్లో రాశారు.

"గ్రాములల్లనా?" అంది ముసలామె. "ఎల్లిగడ్డ కారం?"

"రాయలే పెద్దవ్వా. వెల్లుల్లి ఊసే లేదు."

"వాడు గా కారం లేకుంట ముద్ద మింగడు" అంది.

ఇంతలో భోజనాలకు పిలిచారు. కోడలు ఆమె కంచంలో అన్నం పెట్టి, మేకకూర గిన్నె నిండా తెచ్చి పక్కన పెట్టి పోయింది. మూలుగ ఎముక కూడా వేసింది, ముసలామెకు ఇష్టమట.

"ఇయ్యాల ఏం వారం బిడ్డా?"

"బుధవారం."

"బుధవారం పగటాల్లది జర మల్ల చదువు."

చదివాను. అన్నం, పప్పు, సొరకాయ, చారు.

ఆమె మేకకూర గిన్నెను మంచం కిందికి జరిపింది. ఎవరన్నా అడిగితే కడుపులో మంట అని చెప్పమంది. నేను పోయి వంటల దగ్గర పప్పు అడిగి తెచ్చాను. గరిటెతో వేయబోతుంటే కంచం మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు. పప్పు ఎన్ని గ్రాములంటివి?"